వెనక చక్రం

అద్దాలాయన గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. బతుకు మొత్తమ్మీద చెప్పుకున్న ఒకే ఒక్క గొప్ప ఇలా మెడకు చుట్టుకుంటుందని ఆయన అనుకోలేదు.

కాలేజీలో భౌతికశాస్త్రం చదివి, కళ్లద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలను ఫ్రేముకు సరిపడేలా అరగదీస్తూ తల నెరిసిన మనిషి ఆయన. అందుకే వీధిలో అందరికీ అద్దాలాయనే. దుకాణం మానేశాక ఆయనకు మిగిలిన ఉద్యోగం ఒకటే. సాయంత్రం బడి వదిలే వేళకు వెళ్లి మనవరాలిని ఇంటికి తీసుకురావడం. ఒకటో తరగతి చదివే ఆ పిల్లను ఇంట్లో అందరూ బుడంకాయ అంటారు. భార్య పోయి రెండేళ్లయింది. రోజులో మిగతా గంటలన్నీ ఆ సాయంత్రానికి ముందుమాటలాగా గడిచిపోయేవి.

ఆ ఉద్యోగమూ పోయి నెల కావస్తోంది.

మురుగు గొట్టాలు వేయడానికి బడి పక్క సందు తవ్వేశారు. ఆ రోజు ఆయన పిల్ల చెయ్యి పట్టుకుని పక్క వీధిలోంచి వెళ్లాడు. ఆ పక్క వీధిలోంచి ఇంకో పక్క వీధి. చూస్తూ చూస్తూ ఉండగానే ఇళ్లన్నీ ఒకేలా అయిపోయాయి. ఎదురుగా టైర్ల కొట్టు వచ్చింది, మళ్లీ అదే టైర్ల కొట్టు వచ్చింది. దీపాలు వెలిగే వేళకు ఇద్దరూ ఇల్లు చేరితే, బుడంకాయ చెప్పులు కూడా విప్పకుండా తల్లి దగ్గరికి పరుగెత్తి సంబరంగా చెప్పింది.

"అమ్మా, మేం ఊరంతా చూశాం! తాతయ్య ఒకే కుక్కకి మూడుసార్లు టాటా చెప్పాడు!"

కూతురు కోప్పడలేదు. ఆమె అంబులెన్సు కంట్రోల్ రూమ్‌లో పని చేస్తుంది. ఫోన్లో గుండె బాదుకునేవాళ్లతో కూడా గొంతు పెంచకుండా మాట్లాడటం ఆమె వృత్తి. ఆ గొంతుతోనే మర్నాడు పొద్దున్న, "కొన్నాళ్లు రెస్టు తీసుకో నాన్నా. పక్కింటమ్మాయి తెస్తుందిలే," అంది. అరిచి ఉంటే ఆయనకు ఇంత బాధ ఉండేది కాదు.

కిందటి ఆదివారం కూతురింట్లో భోజనాలయ్యాక ఆమె గిన్నెలు తోముతుంటే ఆయన తుడుస్తూ నిలబడ్డాడు. మెల్లగా మాట కదిపాడు.

"రోడ్డు తవ్వేస్తే ఎవరికైనా దారి తప్పుతుందమ్మా."

"నువ్వు తప్పింది తవ్విన చోట కాదు నాన్నా. మనింటి వెనక వీధిలో."

"ఏదో పరధ్యానం."

"పరధ్యానమో ఇంకోటో డాక్టరు చెప్తాడు. తలకి సంబంధించిన డాక్టరు, మంచాయన. ఒక్కసారి చూపించుకుందాం అంటే నువ్వు వినవు."

"నా తలకేమైంది? మీ అమ్మతో కలిసి ఆ చెరువు చుట్టూ అడవిలో ఎన్నేళ్లు సైకిలు తొక్కాను! ఆ బాట నాకు అరచేతిలో గీత. కళ్లు మూసుకుని తిప్పుకొస్తాను."

హాల్లో ఫ్యాను విప్పి కూర్చున్న అల్లుడు తల ఎత్తకుండానే, "ఇన్నాళ్లూ కళ్లు మూసుకునే తిరిగారేమో మావయ్యా," అన్నాడు.

"నువ్వు ముందు ఆ ఫ్యాను మళ్లీ బిగించు, చూద్దాం," అంది కూతురు మొగుణ్ణి. తర్వాత చేతులు తుడుచుకుని తండ్రి వైపు తిరిగింది. "సరే. వచ్చే ఆదివారం నన్ను తిప్పు. నువ్వు ముందు, నేను వెనక. ఫోన్లో మ్యాపు చూడను, నోరు మెదపను. చెరువు చుట్టి మళ్లీ గేటు దగ్గరికి తెచ్చావా, సోమవారం నుంచి బుడంకాయ నీది."

"తేకపోతే?"

"తేకపోతే డాక్టరు దగ్గరికొస్తావు. వాదించకుండా."

ఇదీ ఆయన మెడకు చుట్టుకున్న గొప్ప.

ఆదివారం పొద్దున్నే అడవి గేటు దగ్గర సైకిళ్లు దించారు. ఆయనది ఆయనకే. కూతురికి తల్లి సైకిలు. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, మట్టిరంగు ఫ్రేము. రెండేళ్లుగా మెట్ల కింద దుప్పటి కప్పుకుని ఉన్నదాన్ని ఆయన నిన్నంతా కూర్చుని తుడిచి, చైనుకు నూనె రాసి, గాలి కొట్టాడు. సీటు ఎత్తు మార్చాల్సిన పని పడలేదు. కూతురు ఎక్కి కాళ్లు ఆనించి, "సరిపోయింది," అంది. ఎప్పుడు సరిపోయిందో, ఈ పిల్ల ఎప్పుడు తల్లంత అయిందో ఆయన గమనించలేదు.

చెరువు మీద పొగమంచు ఇంకా లేవలేదు. అవతలి ఒడ్డు లేనట్టే ఉంది. చెట్ల మధ్య బాట సన్నగా, నల్లగా, రాత్రి తడితో మెత్తగా లోపలికి పోయింది.

"పద నాన్నా."

ఆయన తొక్కాడు. కొంతదూరం బాగానే సాగింది. కానీ ఏదో తక్కువైంది. ఏమిటో తెలియదు. కళ్లజోడు మసకేసిందేమో అనుకుని ఆగి, తీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. లోకంలో ఏ గందరగోళమైనా అద్దం తుడిస్తే సగం తగ్గుతుందని ఆయన నమ్మకం. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. తక్కువైంది తక్కువగానే ఉంది.

బాట మూడుగా చీలింది. ఆయన మధ్యదాంట్లోకి తిప్పాడు. ఎందుకంటే ఏం చెప్పగలడు? ఆగితే వెనక ఉన్న పిల్ల ఆగుతుంది. ఆగితే అనుమానిస్తుంది. అనుమానం రాకూడదంటే తొక్కాలి.

ఆయన చూపు ముందు చక్రానికి రెండు మూరల అవతల దాకానే పోయేది. అలా దగ్గరివి చూసి చూసి అలవాటైన కళ్లు. ఆ మేరకు అన్నీ కనిపించాయి. టైర్లు రాసుకుని నున్నబడి, పాత చెక్క బల్లలా మెరుస్తున్న వేరు. బాటకు అడ్డంగా తన తీరుబాటున పోతున్న నత్త. బురద గుంట మీద ఎవరో ముక్కూమొహం తెలియని పుణ్యాత్ముడు వేసిన చెక్క పలక, దాని మీద జారకుండా కొట్టిన ఇనప జాలీ ముక్క. చిన్నపిల్లది ఎర్ర చేతితొడుగు ఒకటి కిందపడితే, ఎవరో తీసి, మట్టి దులిపి, కంటికి ఆనేలా కొమ్మకు తొడిగి పోయారు. ఆ కొమ్మ అందరికీ చెయ్యి ఊపుతున్నట్టుంది. లోకంలో మంచివాళ్లు ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ దారి ఎటో మాత్రం రాసిపెట్టలేదు అనుకున్నాడు ఆయన.

మొదట ఎడమ చేతి వైపు చెట్ల సందుల్లో నీళ్లు మెరుస్తూ ఉన్నాయి. కాసేపటికి మెరుపు పోయింది. ఇంకాసేపటికి మళ్లీ కనిపించింది, కానీ కుడి వైపు.

చెరువు చుట్టూ తిరిగే మనిషికి చెరువు ఒక పక్కనే ఉండాలి కదా. భౌతికశాస్త్రం చదవకపోయినా తెలిసే సంగతి. చెరువేమైనా ఇల్లు మారిందా? అది వేరే నీళ్లగుంటా? లేక మొదట్లో కుడివైపే ఉండి తనే ఎడమ అనుకున్నాడా? వెనక కూతురు మాట ప్రకారం నోరు మెదపడం లేదు. ఆ మెదపకపోవడం ఆయన వీపుకు తెలుస్తోంది.

అప్పుడు ఎదురుగా ఒక పెద్దమనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. తెల్ల మీసాలు, మోకాళ్లకు పట్టీలు. ఆ మీసాలను ఆయన ఎరుగును. ఇదే అడవిలో ఏళ్ల తరబడి ఎదురుపడి పలకరించుకున్నారు. పరుగు ఆపకుండా, ఉన్నచోటే గెంతుతూ ఆ పెద్దమనిషి, "ఏంటి మాస్టారూ, చాన్నాళ్లకి! ఈవేళ మీరు ముందున్నారేంటి, వింతగా! టీచరమ్మ ఏరీ?" అన్నాడు.

అద్దాలాయన నోరు తెరిచాడు. లోపల ఏమనుకున్నాడో గానీ బయటికి వచ్చింది వేరు.

"వెనకాల వస్తోందండీ."

"ఆవిణ్ణి దాటేశారన్నమాట! సెబాసు!" అని పెద్దమనిషి నవ్వి, పరుగందుకుని మలుపులో కనుమరుగయ్యాడు.

ఆయన వెనక్కి తిరిగి చూసే ధైర్యం చేయలేదు. తనెందుకలా అన్నాడు? వెనక వస్తున్నది కూతురు కదా, ఆమెనే అన్నాడా? పరుగెత్తే మనిషిని ఆపి చావు కబురు చెప్పడం ఎందుకని అన్నాడా? లేక ఒక్క క్షణం నిజంగానే... ఆ మూడోది ఆయన చివరి దాకా అనుకోలేకపోయాడు. దారి మరిచిపోతే మరిచిపోయాడు. అది కూడా మరిచిపోయే రోజు వచ్చిందా?

"నాన్నా," అంది కూతురు. చాలా నెమ్మదిగా. "కాస్త ఆగుదామా?"

"ఎందుకు? బాగానే ఉన్నాం కదా," అని ఆయన గట్టిగా తొక్కాడు.

ఒక ఎక్కుడు, ఒక దిగుడు, రాళ్ల మీద దడదడ. చెట్లు పలచబడిన చోట చెక్క బెంచీ ఒకటి కనిపించింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"చూశావా, ఇక్కడ బెంచీ! ఇది ఈమధ్య వేసినట్టున్నారు. ఇక సగం దాటినట్టే. కూచుని నీళ్లు తాగుదాం."

కూతురు సైకిలు దిగలేదు. ఒంటికాలి మీద ఆనించి నిలబడి, నేల వైపు చూపించింది. తడి మట్టిలో రెండు టైర్ల జాడలు అటునుంచి వచ్చి, బెంచీ చుట్టూ తిరిగి, ఇటు పోయాయి.

"ఇందాక ఇక్కడే నీళ్లు తాగాం నాన్నా."

ఆయన వంగి చూశాడు. తన టైరు గుర్తే. ఆ గళ్ల ముద్ర ఆయన ఎక్కడ చూసినా పోల్చగలడు. కానీ నీళ్లు తాగినట్టు గుర్తులేదు. ఎంత తవ్వినా గుర్తులేదు. తర్వాత, నీళ్లసీసా మూత తీసి కూతురికిచ్చినట్టు గుర్తొచ్చింది. దాని వెనకే ఆ సీసా నిన్న ఇంట్లో కడిగింది కూడా గుర్తొచ్చింది. ఈ రెండిట్లో ఏది ఎప్పటిదో మాత్రం తెలియలేదు.

బెంచీ మీద కూలబడ్డాడు.

"అయిపోయిందమ్మా. డాక్టరు దగ్గరికే పద."

కూతురు అప్పుడు దిగింది. దిగి, సైకిలు చెట్టుకానించి, ఆయన ముందు గొంతుక్కూర్చుంది. ఓదారుస్తుందనుకున్నాడు. ఓదార్చలేదు. కంట్రోల్ రూమ్ గొంతుతో అడిగింది.

"నాన్నా, నీకు ఎదురుగా ఏం కనిపిస్తోంది?"

"అదేం ప్రశ్న?"

"మా పనిలో ఎవరినీ ఎక్కడున్నారని అడగం. కంగారులో ఉన్నవాళ్లకి ఎక్కడున్నారో తెలీదు. ఎదురుగా ఏం కనిపిస్తోందో అడుగుతాం. అది ఎవరైనా చెప్పగలరు. చెప్పు. సైకిలు మీద ఉన్నప్పుడు నీకేం కనిపిస్తోంది?"

"మట్టి. వేర్లు. నత్తలు."

"అమ్మతో వచ్చినప్పుడు ఏం కనిపించేది?"

ఆయన వెంటనే చెప్పేశాడు. ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

"వెనక చక్రం."

"ఇంకా?"

"మీ అమ్మ వెనక చక్రం, దాని మీద మట్టి చిమ్మకుండా పెట్టిన రేకు. మడమలు. ఎడమ మడమ కొంచెం బయటికి తిరిగి ఉండేది. వీపు మీద చెమట." ఆయన ఆగాడు. "అంతేనమ్మా. ఇంకేం కనిపించేది కాదు."

ఆ మాట తన నోటి నుంచే వచ్చినా ఆయనకు ఎవరో చెప్తే విన్నట్టుంది. ఇన్నేళ్లూ ఆ చెరువు చుట్టూ తిరిగాడు. తిరిగాడా? తిరిగింది ఆవిడ. ఆవిడ బళ్లో ఆటల టీచరు. గొంతులోనే ఈల ఉన్న మనిషి. ముందు పోతూ వెనక్కి కేకలేసేది. "రాయి!" అంటే పెడలు ఎత్తాలి. "వేరు!" అంటే బరువు వెనక్కి. "వంగు!" అంటే నెత్తి మీద కొమ్మ. ఈయన విన్నాడు, చేశాడు, ఇంటికొచ్చి స్నానం చేసి, చెరువు చుట్టొచ్చామని పొంగిపోయాడు.

"అయితే నాన్నా," అంది కూతురు నెమ్మదిగా, "నువ్వు ఈ దారి మర్చిపోలేదు. నీకు అసలెప్పుడూ తెలీదు."

"దానికీ దీనికీ తేడా ఏంటమ్మా? రెండిట్లోనూ తప్పిపోయింది నేనే కదా."

"చాలా తేడా ఉంది." అని లేచింది. కానీ ఆమె ముఖంలో కూడా తేడా తెలిసిన నమ్మకం పూర్తిగా లేదు. "ఒక పని చేద్దాం. నేను ముందు పోతాను. నువ్వు వెనక రా."

"అది పందెంలో లేదు."

"పందెం సంగతి తర్వాత. లే."

మొదటి చీలిక దాకా తమ టైర్ల జాడలు చూసుకుంటూ వెనక్కి వచ్చారు. అక్కడి నుంచి నీళ్ల వైపున్న ఎడమ బాటలో కూతురు ముందు, ఆయన వెనక. కొంతసేపు ఏమీ జరగలేదు. తల్లి సైకిలే, చక్రం అదే. కానీ పిల్ల తొక్కుడు వేరు. మడమలు తిన్నగా ఉన్నాయి. అన్నిటికన్నా, నిశ్శబ్దంగా పోతోంది.

"తల్లీ, కాస్త కేకలెయ్యి!" అన్నాడు ఆయన వెనక నుంచి.

"ఏమని?"

"ఏదొస్తే అది. రాయొస్తే రాయి, వేరొస్తే వేరు."

"ఎవరైనా వింటే నాకు పిచ్చనుకుంటారు."

"డాక్టరు ఎలాగూ ఉన్నాడు కదా, ఇద్దరం కలిసే పోదాం."

ఆమె నవ్వింది. పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు. తర్వాత ఎదురుగా బోడిరాయి ఒకటి లేస్తే, కాస్త సిగ్గుపడుతూ, "రాయి," అంది.

"గట్టిగా!"

"రాయి! ఇంకో రాయి! వేరు!"

ఆ మూడు మాటలూ ఆ వరసలో వినగానే ఆయన ఒళ్లు తనంత తానే కదిలింది. పెడలు ఎత్తింది, బరువు వెనక్కి వేసింది. లోపలెక్కడో తలుపు గడియ జారినట్టయింది. రాయి, రాయి, వేరు. తర్వాత? తర్వాత ఆవిడ గేరు తగ్గించేది. టక్కు టక్కున చప్పుడయ్యేది.

"గేరు తగ్గించుకో. ఎక్కుడొస్తుంది," అన్నాడు.

"ఏమీ లేదు నాన్నా, బాట తిన్నగానే..." అంటుండగానే బాట మలుపు తిరిగి, గోడలా పైకి లేచింది. ఆమె టక్కు టక్కున గేరు మార్చి, సీటు మీంచి లేచి నిలబడి తొక్కింది. వెనక నుంచి ఆయన చెప్పుకుంటూ వచ్చాడు.

"పైన ఊపిరి పీల్చుకో. అక్కడ మీ అమ్మ ఎడమ చేత్తో తొడ మీద చరుచుకునేది, అంటే ఎడమకి తిరగాలి. కుడివైపు వెడల్పుగా ఉంటుంది, దానికి మోసపోకు. మీ అమ్మ ఓసారి మోసపోయి నన్ను తిట్టింది."

"నువ్వు వెనకుంటే నిన్నెందుకు తిట్టింది?"

"నేను కాకపోతే అక్కడింకెవరున్నారమ్మా?"

ఎడమకు తిరిగారు. నీళ్లు కనిపించాయి. ఈసారి అవి ఎడమ చేతి వైపే ఉండిపోయాయి. ఎండ చెట్ల మధ్య నుంచి ముక్కలు ముక్కలుగా పడుతోంది. ఆయనకు ఒక్కో కేకా ఆవిడ గొంతులో, ఆవిడ విసుగుతో సహా గుర్తొస్తోంది. రాళ్ల వాగు దగ్గర ఆవిడ దిగి నడిచేది. ఆ దిగడానికి ముందు "హమ్మయ్య" అనేది. అదే హమ్మయ్య దగ్గర వాగు వచ్చింది. ఇద్దరూ దిగి, సైకిళ్లు ఎత్తుకుని, చల్లటి నీళ్లలో బూట్లు తడుపుకుని అవతలికి నడిచారు.

"ఇక్కడ వంగు!" అని అరిచాడు ఆయన వాగు దాటి కాస్త పోయాక, తల హ్యాండిలు దాకా దించేసి.

కూతురు వంగింది. ఇద్దరూ తలలు దించుకుని కొంతదూరం పోయారు. నెత్తి మీద ఏమీ లేదు. ఆకాశం తప్ప.

"నాన్నా, కొమ్మేదీ?"

ఆయన బ్రేకు వేశాడు. కొమ్మ లేదు. ఉండాలి. ఇక్కడే ఉండాలి. ప్రతిసారీ ఆవిడ వంగు అనడం, తను వంగడం, ఆకులు వీపుకు రాసుకోవడం. అయితే ఇందాకటి నుంచి కలిసొచ్చిందంతా కాకతాళీయమా? గుడ్డివాడి రాయి తగిలినట్టు తగిలిందా? మళ్లీ కాళ్ల కింద నేల కదిలింది. సైకిలు అక్కడే పడేసి, వెనక్కి నడిచి, పక్కనున్న చెట్టు బెరడు తడిమాడు. ఒక్కో చెట్టూ. కూతురు ఆపలేదు, వచ్చి పక్కన నిలబడింది.

మూడో చెట్టుకో నాలుగో చెట్టుకో, మనిషెత్తున, గుండ్రంగా రంపపు కోత ఉంది. పాతదే. దాని అంచు చుట్టూ బెరడు పెదవిలా మూసుకొస్తోంది.

"కొట్టేశారు," అన్నాడు ఆయన. ఆ కోత మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచాడు. కొమ్మ పోయిందని బాధపడాలో, కొమ్మ ఉండేదని సంతోషించాలో తెలియలేదు. రెండూ కలిసి వచ్చాయి. "ఎవరి తలకైనా తగులుతుందని కొట్టేసి ఉంటారు. మంచి పనే."

"ఇందాక ఆ పరిగెత్తే ఆయనతో," అంది కూతురు. చెట్టు వైపు చూస్తూనే అంది. "అమ్మ వెనకాల వస్తోందన్నావు."

"అన్నాను."

"నిజంగా అనుకునే అన్నావా?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్నే అన్నానమ్మా అంటే సరిపోతుంది, పిల్ల కూడా నమ్మాలనే చూస్తోంది. ఆయన కళ్లజోడు తీశాడు, తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నాడు.

"నాకు తెలీదు తల్లీ. ఎంత ఆలోచించినా తేలలేదు. అనేశాక నేనూ భయపడ్డాను."

కూతురు తలూపింది. ఆయన మోచెయ్యి పట్టుకుని సైకిలు దాకా నడిపించింది. ఆ పట్టులో ఇందాకటి జాగ్రత్త లేదు. ఆమె కూడా ఊతం కోసం పట్టుకున్నట్టుంది.

ఇంకొంత దూరం పోయాక బాట ఉన్నట్టుండి తెగిపోయింది. ఒడ్డు కోసుకుపోయి నీళ్లలో కలిసిపోయింది. అడ్డంగా తాడు కట్టి, కొత్తగా రెండు దారులు వేశారు, పైకొకటి, కిందికొకటి. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. కూతురు వెనక్కి తిరిగి చూసింది.

"ఎటు నాన్నా?"

"ఇది మీ అమ్మకి కూడా తెలీదు," అన్నాడు ఆయన. అన్నాక ఆయనకే వింతగా అనిపించింది. తెలీదన్న మాట నెల రోజులుగా ఆయన నోటికి ముల్లులా తగులుతోంది. ఇప్పుడు నున్నగా జారింది. "నాకసలే తెలీదు. నీ ఇష్టం."

ఆమె కంట్రోల్ రూమ్ మనిషి కదా, క్షణంలో తేల్చేసింది. "కిందికే. నీళ్ల పక్కనే పోతే తప్పిపోం."

కిందికి పోయారు. నీళ్ల పక్కనే పోయారు. పోయి పోయి ఒక పడవల షెడ్డు వెనక పెరట్లో తేలారు. ముందు నీళ్లు, వెనక గుట్ట, దారి అక్కడితో సరి. బోర్లించిన పడవ అడుక్కి ఒకావిడ నీలం రంగు వేస్తోంది. బ్రష్ ఆపి ఇద్దరినీ తేరిపార చూసింది.

"దారి తప్పారా?"

"లేదు," అంది కూతురు.

"తప్పాం," అన్నాడు అద్దాలాయన.

రంగావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ ఒక మాట మీదికొస్తే గేటు ఎటో చెప్తాను."

"తప్పామండీ," అంది కూతురు చివరికి, చెవులదాకా ఎర్రబడి. "నేనే తప్పించాను."

"అదీ! ఆ తాడు కట్టిన దగ్గర్నించి ఎంతమంది ఇటే దిగుతున్నారో. పై దారిన పోవాలి. అక్కడ బోర్డు పెట్టమని మొత్తుకుంటున్నా, వినేవాడేడీ? కాసేపు కూచోండి, ఎక్కలేరు ఇప్పుడే," అని తిరగేసిన డబ్బాలు రెండు ముందుకు తోసింది. "రంగు మాత్రం అంటించుకోకండి."

కూచున్నారు. నీళ్ల మీద మంచు ఎప్పుడు విడిపోయిందో అవతలి ఒడ్డు స్పష్టంగా ఉంది. కూతురు బూటు విప్పి నీళ్లు పారబోసుకుంది.

"పందెం నేను ఓడిపోయాను," అన్నాడు ఆయన. "నేను తిప్పలేదు. నువ్వు తిప్పావు, నేను వెనక కూచుని వాగాను. డాక్టరు దగ్గరికి వస్తాను. వాదించను."

"నువ్వు చెప్పకపోతే నేను ఆ ఎక్కుడు మీదే కుడికి తిరిగి తప్పిపోయేదాన్ని."

"అయినా వస్తాను. నాకే తేలని సంగతొకటి ఉంది కదా. ఆయనకేమైనా తేలుతుందేమో." నేల మీద పుల్లతో గీస్తూ అన్నాడు. "ఆ రోజు బడి నుంచి వస్తుంటే బుడంకాయ చెప్పింది. ఇటు కాదు తాతయ్యా, ఇటు అని. రెండుసార్లు చెయ్యి లాగింది. పెద్దవాణ్ణి కదా, నేనే ముందుండాలని దాన్ని లాక్కుపోయాను."

కూతురు బూటు చేతిలోనే పట్టుకుని ఆయన వైపు చూసింది.

"అది నాకు చెప్పలేదది."

"దానికి తప్పిపోవడం బాగుంది. ఎందుకు చెప్తుంది? నాకు బాగాలేదు, నేనూ చెప్పలేదు. నాకు దారి తెలీదమ్మా. ఈ ఊళ్లో కూడా తెలీదు. బజారుకి పోయినా, పెళ్లికి పోయినా, ఆస్పత్రికి పోయినా మీ అమ్మ ఓ అడుగు ముందు. కానీ ముందు మనిషి ఉంటే నేను తప్పను. అడుగు వదలను. దాన్ని ముందు నడవనీ. చెయ్యి నేను పట్టుకుంటాను. రోడ్డు దాటే దగ్గర మాట నాది, మలుపుల దగ్గర మాట దానిది."

"ఒకటో తరగతి పిల్ల మీద దారి పెడతావా?"

"అది రోజూ పోయే దారే కదా. నాకన్నా దానికే బాగా తెలుసు."

రంగావిడ పడవ మీద వంగి పని చేసుకుంటూనే, వినాలని వింటున్నట్టు కాకుండా, "మా ఇంట్లోనూ అంతే," అని ఊరుకుంది. ఎవరి గురించి అందో చెప్పలేదు.

కూతురు ఔనందామా కాదందామా అన్నట్టు పెదవి కొరుక్కుంది. రోజంతా ఇతరులకు ఎటు పోవాలో చెప్పే మనిషి, ఎటూ తోచక బురద బూటు వంక చూస్తూ కూచుంది. ఆయన తొందరపెట్టలేదు. తొందరపెట్టే హక్కు తనకుందో లేదో ఆయనకు తెలియదు.

చివరికి ఫోను తీసింది. మొగుడెత్తితే, "దాన్ని పిలవండి. ఆఁ, ఆ ఫ్యాను సంగతి తర్వాత," అంది. ఒక్క నిమిషం ఆగింది. గొంతు మార్చింది.

"బుడంకాయ్, నీకో పని. బళ్లోంచి మనింటికి ఎలా రావాలో చెప్పు. మొదట్నించీ... ఊఁ... అక్కడ నీకు ఎదురుగా ఏం కనిపిస్తుంది?... ఊఁ... కుక్క సరే, కుక్క కాకుండా?... తర్వాత ఎటు?... గేటు ఏ రంగు?"

అద్దాలాయనకు అవతలి మాటలు వినపడటం లేదు. కూతురి కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. అవి మూసుకున్నాయి, రెప్పల వెనక నుంచి ఒక్కో వీధీ దాటుతున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. ఒకచోట ఆగాయి. మళ్లీ కదిలాయి.

"రోడ్డు దాటే దగ్గర ఎవరి మాట వినాలి?... ఆఁ. అలా అయితే సరే. రేపు తాతయ్యొస్తాడు."

ఫోనులోంచి ఏదో కేక, గంతులేసిన చప్పుడు. కూతురు ఫోను చెవికి దూరంగా పెట్టి, తండ్రి వైపు తిప్పింది.

"నిన్ను అడుగుతోంది. ఏదో రూల్సట. నువ్వే విను."

ఆయన రెండు చేతులా ఫోను అందుకుని, డబ్బా మీద కాస్త ముందుకు జరిగి, "చెప్పమ్మా, వింటున్నా," అన్నాడు.